పరమాణువు బొమ్మ ఇన్నిసార్లు ఎందుకు మారింది? మన ఛత్రపురం ఇసుకలోని థోరియం కథ

నమస్కారమండీ. బరంపురం దాటి ఛత్రపురం దగ్గర సముద్రం ఒడ్డుకు దిగితే ఇసుక అంతా ఒకే రంగులో ఉండదు. అల వెనక్కి పోయిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. వానలు తూర్పు కనుమల రాళ్లను కోట్ల ఏళ్లుగా కరిగిస్తూ వచ్చాయి. ఆ గుండను రుషికుల్య లాంటి నదులు మోసుకొచ్చి సముద్రంలో కలిపాయి. తేలికైన తెల్ల ఇసుకను అలలు లాక్కుపోతాయి, బరువైన గింజలు ఒడ్డున మిగిలిపోతాయి. నల్లగా కనిపించేది ఎక్కువగా ఇల్మనైట్. ఎర్రగా మెరిసేది గార్నెట్. జిర్కాన్, రూటైల్, సిలిమనైట్ కూడా ఉంటాయి. వాటి మధ్య తక్కువ పాళ్లలో తేనె రంగు గింజలు కొన్ని ఉంటాయి. వాటి పేరు మోనజైట్. ఇవాళ మన కథకు అదే కావాలి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఈ ఇసుక కోసమే ఛత్రపురంలో ఫ్యాక్టరీ పెట్టింది. మన దేశపు మోనజైట్‌లో సుమారు 8, 9 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. దేశం మొత్తం మీద కోటీ 30 లక్షల టన్నులకు పైగా మోనజైట్ ఉందని అణుశక్తి శాఖ అంచనా. అందులో పెద్ద వాటా ఆంధ్ర తీరానిదే, ఒడిశా తీరంలో కూడా బాగానే ఉంది. థోరియం కిరణాలు వదిలే లోహమే అయినా, గోపాల్‌పూర్ బీచ్‌లో ఓ సాయంత్రం కూర్చున్నంత మాత్రాన ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆ థోరియం ఏం చేస్తుందో తెలుసుకోవాలి. పరమాణువు గురించి సైన్సు నమ్మిన అతి పెద్ద నమ్మకం ఒకటి థోరియం చేతిలోనే కూలిపోయింది.

ఈ వీడియోకి కారణం ఇచ్ఛాపురం నుంచి ఒక అమ్మాయి పంపిన ప్రశ్న. పదో తరగతి చదువుతోంది. ఆమె అడిగింది ఇది: "సార్, డాల్టన్ ఒకటి చెప్పాడు, థామ్సన్ అది కాదన్నాడు, రూథర్‌ఫర్డ్ థామ్సన్‌ని కాదన్నాడు, బోర్ ఇంకోటి చెప్పాడు. ఇన్నిసార్లు మారినప్పుడు ఇప్పుడున్నది మాత్రం నిజమని ఎలా నమ్మాలి?"

అమ్మా, చాలా మంచి ప్రశ్న అడిగావు. పరీక్షలో "రూథర్‌ఫర్డ్ నమూనా లోపాలు రాయుము" అని అడుగుతారు. మనం లోపాలు బట్టీ పట్టి రాస్తాం, మార్కులు వస్తాయి. అలా చదివితే ఒక పెద్దాయన తప్పు బొమ్మ గీశాడు, ఇంకో పెద్దాయన వచ్చి ఒప్పు బొమ్మ గీశాడు అనిపించడం సహజం. జరిగింది అది కాదు. ఎవరూ ఊరికే కూర్చుని బొమ్మ మార్చలేదు. ప్రతిసారీ ఒక కొలత వచ్చి అడ్డం నిలబడింది. పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది, ఆ కొలత ఉండదు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఇవాళ బొమ్మలు పక్కన పెట్టి కొలతలు చెబుతాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా చదువుకునే మన గంజాం పిల్లలు కూడా వింటారు కాబట్టి నెమ్మదిగానే చెబుతాను.

ముందుగా కణాదుడి సంగతి. వాట్సాప్‌లో చూస్తుంటారు, డాల్టన్ కంటే ఎంతో ముందే కణాదుడు పరమాణువును కనిపెట్టేశాడని. కణాదుడి వైశేషికంలో పరమాణువు ఉన్న మాట నిజం. ఆ సంప్రదాయంలో ఒక వాదన నాకు చాలా ఇష్టం. ఏ వస్తువునైనా అంతు లేకుండా ముక్కలు చేస్తూ పోగలిగితే మేరు పర్వతంలోనూ ఆవగింజలోనూ లెక్కలేనన్ని ముక్కలే ఉంటాయి, అప్పుడు రెండూ సమానమే కావాలి, కాబట్టి ఎక్కడో ఒకచోట విభజన ఆగాలి అంటారు. ఎంత పదునైన ఆలోచనో చూడండి. గ్రీసులో లూసిప్పస్, డెమోక్రిటస్ కూడా క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ఇలాంటి దారిలోనే ఆలోచించారు. ఇద్దరికీ దండం పెట్టాలి. అయితే ఒక పరమాణువు ఇంకోదానికంటే ఎన్ని రెట్లు బరువు అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. అడిగే మార్గమే లేదు. అది తర్కం, కొలత కాదు. వాళ్ల గొప్పదనం వాళ్లకు ఉంచుదాం, లేని గొప్పదనం అంటగట్టొద్దు.

తూకం పట్టుకుని వచ్చినవాడు జాన్ డాల్టన్. ఇంగ్లండులో ఒక చేనేత కార్మికుడి కొడుకు, 1766లో పుట్టాడు. మాంచెస్టర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పి బతికాడు. ఆయన ముందున్న సమాచారం ఇలాంటిది. కార్బన్, ఆక్సిజన్ కలిసి రెండు రకాల వాయువులు అవుతాయి. ఒకదాంట్లో 3 గ్రాముల కార్బన్‌కు 4 గ్రాముల ఆక్సిజన్. రెండోదాంట్లో అదే 3 గ్రాములకు 8 గ్రాములు. నాలుగు, ఎనిమిది. మధ్యలో అయిదున్నర ఉండదు, ఏడుంబావు ఉండదు. పదార్థం గింజలు గింజలుగా ఉండి, ఒక గింజకు ఒకటి లేదా రెండు జత కడితేనే ఇలా జరుగుతుంది. 1803 నుంచి ఆలోచించి 1808లో పుస్తకం వేశాడు. హైడ్రోజన్ పరమాణువును సృష్టించడం గానీ నాశనం చేయడం గానీ సౌరకుటుంబంలోకి కొత్త గ్రహాన్ని తేవడమంత అసాధ్యం అని అందులో రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మనకు తర్వాత పని ఉంది.

డాల్టన్ నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు. దాంతో ఆక్సిజన్ బరువు సగానికి తగ్గిపోయింది. దీన్ని సరిచేసే ఆలోచన 1811లోనే అవగాడ్రో చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. అక్కడ కన్నిజారో గట్టిగా వాదించి, లెక్కలు చూపించాకే అవగాడ్రో మాటకు విలువ వచ్చింది. అప్పటికి అవగాడ్రో చనిపోయి నాలుగేళ్లయింది.

ఇంకో సంగతి మన పుస్తకాల్లో అసలు కనిపించదు. డాల్టన్ తర్వాత నూరేళ్లు గడిచినా పరమాణువు నిజంగా ఉందా, లేక లెక్కల కోసం వాడుకునే ఊహా అనే తగువు తేలలేదు. ఆస్ట్వాల్డ్, మాఖ్ లాంటి ఉద్దండులు ఒప్పుకోలేదు. పరమాణువుల తరఫున జీవితమంతా వాదించిన బోల్ట్జ్‌మన్ 1906లో ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకు ముందు ఏడాదే ఐన్‌స్టీన్ ఒక లెక్క వేశాడు. నీళ్లలో తేలే సన్నని రేణువులు మైక్రోస్కోపులో వణుకుతూ కనిపిస్తాయి కదా, నీటి అణువులు గుద్దుకోవడం వల్లే అలా కదిలితే ఇంత కాలంలో ఇంత దూరం పోవాలి అన్నాడు. ఫ్రాన్సులో పెరాన్ 1908లో ఆ రేణువుల వెంట పడి కొలిచాడు. లెక్క కుదిరింది. 1909లో ఆస్ట్వాల్డ్ తన మాట మార్చుకుని పరమాణువుల్ని ఒప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి కొలత ముందు తల వంచాడు. ఆ ఒక్క పనికి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మరి ఈలోగా 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు. గాలి తీసేసిన గాజు గొట్టంలో కరెంటు పంపితే వచ్చే కిరణాలను అయస్కాంతంతో, విద్యుత్తుతో వంచి చూశాడు. గొట్టంలో ఏ వాయువు ఉంచినా, ఏ లోహం పెట్టినా అదే కణం. హైడ్రోజన్ పరమాణువు కంటే వెయ్యి రెట్లకు పైగా తేలిక. అంటే పరమాణువు లోపల ఇంకేదో ఉంది. ధనావేశం ముద్దలో ఎలక్ట్రాన్లు పొదిగినట్టు ఉంటాయని ఆయన వేసిన నమూనా మీకు తెలిసిందే, దాని మీద ఎక్కువ సేపు ఆగను.

ఇప్పుడు థోరియం దగ్గరికి వద్దాం.

పెట్రోమాక్స్ లైటు చూసినవాళ్లు ఉండే ఉంటారు. పెళ్లి ఊరేగింపుల్లో తల మీద పెట్టుకుని నడిచేవారు. అందులో మంట చుట్టూ తెల్లటి జాలీ సంచి ఒకటి, మాంటిల్, అంత ధగధగా వెలిగేది థోరియం ఆక్సైడ్ వల్లే, దాంట్లో ఒక శాతం దాకా సీరియం కలిపేవారు. ఆస్ట్రియాలో వెల్స్‌బాహ్ దీన్ని తయారుచేశాక యూరప్ వీధి దీపాలన్నిటికీ థోరియం కావాల్సి వచ్చింది. మోనజైట్ ఇసుక ఓడలకెక్కింది. మన దేశంలో తిరువాన్కూరు తీరాన మోనజైట్ ఉందని 1909లో బయటపడింది కూడా ఈ గిరాకీ వల్లే. ఆ పరిశ్రమ పుణ్యమా అని ప్రయోగశాలల వాళ్లకు థోరియం సులువుగా దొరికేది.

థోరియం నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తున్నాయని 1898లో జర్మనీలో ష్మిట్, పారిస్‌లో మేరీ క్యూరీ ఎవరికి వారు కనిపెట్టారు. అదే ఏడాది రూథర్‌ఫర్డ్ కెనడాలోని మాంట్రియల్‌కు, మెక్‌గిల్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఓవెన్స్ అనే సహచరుడు థోరియం కిరణాల బలం కొలుస్తుంటే లెక్క నిలకడగా ఉండేది కాదు. గది తలుపు తీస్తే ఒకలా, మూస్తే ఒకలా. యురేనియంతో ఇలాంటి గొడవ లేదు. పరికరం పాడైందనుకుని వదిలేసి ఉండొచ్చు. వాళ్లు వదల్లేదు. గాలి వీస్తే కొట్టుకుపోయేది ఏదో థోరియం నుంచి బయటికి వస్తోందన్నమాట. రూథర్‌ఫర్డ్ థోరియం మీదుగా మెల్లగా గాలి పంపి, ఆ గాలిని వేరే పాత్రలోకి తీసుకుని కొలిచాడు. అందులో కూడా కిరణాలున్నాయి. కానీ సుమారు నిమిషానికల్లా వాటి బలం సగమైపోయింది. ఇంకో నిమిషానికి అందులో సగం. ఇంకో నిమిషానికి మళ్లీ సగం.

అదేమిటో తేల్చడానికి రసాయన శాస్త్రం తెలిసినవాడు కావాలి. 1901లో ఫ్రెడరిక్ సాడీ తోడయ్యాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఆ వాయువును ఎర్రగా కాల్చిన ప్లాటినం మీదుగా, మెగ్నీషియం మీదుగా పంపాడు. దేనితోనూ కలవలేదు. ఆర్గాన్ లాంటి జడవాయువు అది. అంటే థోరియం అనే లోహం నుంచి దానికి ఏ సంబంధమూ లేని ఒక వాయువు పుడుతోంది. ఇది పరివర్తన అని తాను అరిస్తే, ఆ మాట అనకు, మనల్ని రసవాదులనుకుని తల తీసేస్తారు అని రూథర్‌ఫర్డ్ కంగారు పడ్డాడని సాడీ తర్వాత చెప్పుకున్నాడు. ఇత్తడిని బంగారం చేస్తామనే వాళ్ల జట్టులో ఎక్కడ కలిపేస్తారోనని వాళ్ల భయం.

అక్కడితో అవలేదు. థోరియం ద్రావణంలో అమ్మోనియా కలిపితే థోరియం అడుక్కి దిగుతుంది. కిరణాల బలం మాత్రం చాలావరకు పైన మిగిలిన నీళ్లలో ఉండిపోయింది. అందులో ఉన్న పదార్థానికి థోరియం ఎక్స్ అని పేరు పెట్టారు. ఆ రెండింటినీ బల్ల మీద వదిలి క్రిస్మస్ సెలవులకు వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే తలకిందులైంది. థోరియం ఎక్స్ బలం దాదాపు పోయింది, నీరసపడిన థోరియం తన బలం తాను తిరిగి తెచ్చుకుంది. అప్పుడు రోజూ కొలవడం మొదలుపెట్టారు. ఒకటి సుమారు నాలుగు రోజుల్లో సగానికి తగ్గుతోంది. రెండోది సరిగ్గా అంతే కాలంలో సగానికి పెరుగుతోంది. ఒక గీత దిగుతుంటే ఇంకో గీత ఎక్కుతోంది, రెండూ కలిపితే ఎప్పుడూ అంతే.

స్క్రీన్ మీద ఆ రెండు గీతలు పెడుతున్నాను, కాస్త ఆపి చూడండి. నా వరకు పరమాణువు చరిత్రలో ఇంతకంటే అందమైన బొమ్మ లేదు. ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరిగే బొమ్మ అందరి పుస్తకాల అట్టల మీదా ఉంటుంది, ఇది మాత్రం లేదు. థోరియం తనంతట తాను థోరియం ఎక్స్‌గా మారుతోంది, అది ఆ వాయువుగా మారుతోంది, అది ఇంకోదిగా మారుతోంది అని ఈ గీతలు చెబుతున్నాయి. వేడి చేసినా ఆగదు, చల్లార్చినా ఆగదు. 1902, 1903 సంవత్సరాల్లో ఈ సంగతి ప్రకటించారు. ఈ మార్పులో వెలువడే శక్తి ఏ రసాయన చర్యలో వచ్చే శక్తికైనా కనీసం 20 వేల రెట్లు ఉంటుందని, పది లక్షల రెట్లు కూడా కావచ్చని లెక్క కట్టారు. హిరోషిమాకు నలభై ఏళ్ల ముందు సంగతి ఇది.

డాల్టన్ మాట గుర్తుందా? పరమాణువు పుట్టదు, పోదు అన్నాడు. ఇక్కడ రోజూ పోతోంది, రోజూ పుడుతోంది. ఛత్రపురం ఒడ్డున ఉన్న మోనజైట్ గింజలో కూడా ఈ క్షణాన జరుగుతున్నది ఇదే. థోరియం 232, ఆ అంకె పరమాణువు బరువు చెబుతుంది, ఆరుసార్లు ఆల్ఫా కణాన్ని, నాలుగుసార్లు బీటా కణాన్ని వదిలి చివరికి సీసం 208 అయి ఆగుతుంది. కాకపోతే తొందరేమీ లేదు. అందులో సగం మారడానికి 1,405 కోట్ల ఏళ్లు పడుతుంది, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే. భూమి పుట్టినప్పుడు ఉన్న థోరియంలో ఇప్పటికి తరిగింది అయిదో వంతు మాత్రమే.

మరి బద్దలయ్యే వస్తువు లోపల ఏముందో చూడాలి కదా. రూథర్‌ఫర్డ్ 1907లో మాంచెస్టర్ చేరాడు. ఆల్ఫా కణం అంటే హీలియమేనని అక్కడ తేల్చాడు. 1909లో గైగర్, మార్స్‌డెన్ పల్చని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను వదిలారు. ఆ కణాలు రేడియం వైపు నుంచి తీసుకున్నవి, థోరియం నుంచి కాదు. మార్స్‌డెన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు, ఇంకా డిగ్రీ విద్యార్థి. చీకటి గదిలో కూర్చుని, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, జింక్ సల్ఫైడ్ తెర మీద పడే ఒక్కో మెరుపునూ లెక్కపెట్టాలి. ప్లాటినం రేకు దగ్గర సుమారు 8 వేల కణాల్లో ఒకటి వెనక్కి తిరిగి వస్తోంది. థామ్సన్ చెప్పిన మెత్తటి ముద్దకు అంత వేగంతో వచ్చే కణాన్ని వెనక్కి కొట్టే బలం ఎక్కడిది? రూథర్‌ఫర్డ్ దాదాపు రెండేళ్లు ఆలోచించి 1911లో చెప్పాడు, ధనావేశమూ బరువూ మధ్యలో ఒక్క చిన్న చోట ఉన్నాయని. బంగారం పరమాణువులో ఆ కేంద్రకం పెసరగింజంత ఉందనుకుంటే పరమాణువు అంచు చేరడానికి ఒక పెద్ద ఆటస్థలం కావాలి.

అక్కడా కొత్త చిక్కు వచ్చింది. తిరిగే ఎలక్ట్రాన్ శక్తి కోల్పోతూ క్షణంలో వెయ్యో వంతు కూడా గడవకుండా కేంద్రకంలో పడిపోవాలి. కానీ మనం ఉన్నాం, పడిపోలేదు. హైడ్రోజన్ కాంతిలో కొన్ని నిర్ణీత రంగు గీతలే ఎందుకు వస్తాయో కూడా ఎవరికీ అర్థం కాలేదు. 1913లో నీల్స్ బోర్ ఆ రెండు చిక్కులనూ కలిపి పట్టుకున్నాడు. ఎలక్ట్రాన్‌కు కొన్ని కక్ష్యలే అనుమతి అన్నాడు. హైడ్రోజన్ గీతల లెక్క అద్భుతంగా కుదిరింది. హీలియం దగ్గరికొచ్చేసరికి కుదరలేదు.

అదే ఏడాది మోస్‌లీ మూలకాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను కొలిచి, ఆవర్తన పట్టికలో వరస సంఖ్య అంటే కేంద్రకంలోని ఆవేశమేనని చూపించాడు. రెండేళ్లకే, 1915 ఆగస్టులో, గల్లిపోలి యుద్ధంలో తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు. ఈ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

థోరియం ఇంకో ముడి కూడా విప్పింది. 1913లోనే సాడీ, ఒకే మూలకానికి వేర్వేరు బరువుల పరమాణువులు ఉంటాయని, అవే ఐసోటోపులని అన్నాడు. రుజువు కావాలి. సిలోన్ నుంచి, అంటే ఇప్పటి శ్రీలంక నుంచి, థోరియం ఎక్కువగా ఉన్న థొరైట్ ఖనిజం తెచ్చి అందులోని సీసాన్ని తీసి తూచారు. మామూలు సీసం పరమాణు భారం 207.2. ఇది 207.7 దాకా వచ్చింది. యురేనియం ఖనిజాల్లోని సీసం 206 దగ్గర ఉంది. చూడ్డానికి, రసాయన గుణాల్లో అన్నీ సీసమే. ఒకే మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువు అన్న డాల్టన్ రెండో మాట కూడా అలా పోయింది.

1926లో ష్రోడింగర్ సమీకరణంతో ఎలక్ట్రాన్ కక్ష్యలే మాయమై, ఎక్కడ దొరికే అవకాశం ఎంత అనే లెక్క వచ్చింది. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టాడు. ఆ న్యూట్రాన్‌ను థోరియం మింగితే రెండు మెట్ల తర్వాత యురేనియం 233 అవుతుంది. కల్పాక్కంలో 1996 నుంచి ఉన్న కామిని అనే చిన్న రియాక్టర్‌కు ఇంధనం అదే. అది ఒక్క వీడియోలో సరిపోయే కథ కాదు, విడిగా చేస్తాను.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అమ్మా, మారినవి ఏవి, మారనివి ఏవి విడదీసి చూడు. 3 గ్రాముల కార్బన్‌కు 4 గ్రాములు, 8 గ్రాములు అన్న డాల్టన్ నాటి నిష్పత్తి ఈ రోజు నువ్వు తూచినా అంతే. థామ్సన్ ముద్ద పోయింది, ఎలక్ట్రాన్ పోలేదు. బోర్ కక్ష్యలు పోయాయి, హైడ్రోజన్ శక్తి స్థాయిల అంకెలు ష్రోడింగర్ సమీకరణంలోంచి కూడా అవే వచ్చాయి. రూథర్‌ఫర్డ్ 1911లో రాసిన సూత్రంతోనే ఇప్పటికీ ల్యాబుల్లో పల్చటి పొరల్లో ఏ మూలకం ఎంత ఉందో కొలుస్తున్నారు. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా పాత కొలతలన్నిటికీ జవాబు చెప్పి, ఆపైన కొత్తదానికి కూడా చెప్పాలి. లేకపోతే దాన్ని ఎవరూ లోపలికి రానివ్వరు. కాబట్టి నమ్మమని నేను అడగను. ఏ కొలత మీద నిలబడిందో అడుగు, మీ సార్‌ని అడుగు, నన్నూ అడుగు.

ఈ పని ఇంకా అయిపోలేదు కూడా. హైడ్రోజన్ కేంద్రకం, అంటే ఒక్క ప్రోటాన్, ఎంత పెద్దదో తెలిసిపోయిందని అంతా అనుకున్నారు. వ్యాసార్థం సుమారు 0.88 ఫెమ్టోమీటర్లు. ఫెమ్టోమీటరు అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు. 2010లో స్విట్జర్లాండులో ఎలక్ట్రాన్ బదులు మ్యూయాన్ అనే బరువైన కణం తిరిగే హైడ్రోజన్‌తో కొలిస్తే 0.84 వచ్చింది. నాలుగు శాతం తేడాకు ప్రపంచంలో ఉన్న నిపుణులంతా ఏళ్ల తరబడి నిద్ర మానుకుని వెతికారు. 2019లో అమెరికాలో ఎలక్ట్రాన్లతోనే చేసిన కొత్త కొలత 0.83 చూపించింది, చిన్న అంకె వైపే మొగ్గు వచ్చింది. మరి పాత ప్రయోగాల్లో చాలా వాటికి 0.88 ఎందుకు వచ్చిందన్న దాని మీద చర్చ నడుస్తూనే ఉంది.